మూరెడు దూరానికి రెండెకరాల ఖరీదు

"నాయనమ్మా, ఫోన్లో రికార్డు పెట్టాను. మొన్న టీవీలో ఆటగాళ్ళ వేలం చూసి ఏందో అన్నావుగా, అది మళ్ళీ చెప్పు."

పెట్టావా? సరే. ఏమన్నానే నేను... ఆఁ, యార్డులో మిరపకాయ బస్తాలు పాడుకున్నట్టు మనుషుల్ని పాడుకుంటారా అన్నా. ఆ కుర్రోడికి ఇరవై కోట్లంట! నేను లక్షలనుకున్నా. కోట్లు నాయనమ్మా, కోట్లు అని నువ్వు మూడుసార్లు చెబితే, నోట్లో వక్కపలుకు నమలడం గూడా మర్చిపోయా. బంతి ఇసిరినందుకా అంత? నువ్వేమో నరసరావుపేట ఆసుపత్రిలో పొద్దస్తమానం కాళ్ళమీద నిలబడి రోగుల్ని కనిపెట్టుకోనుంటే పాతిక వేలు. పైగా మీ అమ్మతో అన్నావంటగా, ఈ నర్సు ఉద్యోగం మానేస్తా, నా పనికి విలువేముంది అని. అది విన్నకాడ్నుంచి నా మనసు మనసులో లేదే.

నీకు మీ తాతయ్య సంగతి చెప్పాలి. ఆయనకి బండలాగుడు పందేల పిచ్చి పట్టిన సంవత్సరం. మీ నాన్న అప్పటికి నడుస్తన్నాడు... కాదు కాదు, నడుస్తంది మీ పెద్దత్త. మీ నాన్న కడుపులో ఉన్నాడు. బియ్యం కిలో రెండు రూపాయలు అప్పుడు. మా పెద్దన్న బడిపంతులు, జీతం నాలుగొందలు. అదే గొప్ప మా ఇంటా వంటా. 

మనకొక దుక్కిటెడ్ల జత ఉండేదిలే. నాలుగెకరాలూ అవే దున్నేయి, ఎరువు అవే తోలేయి, మొదటి కాన్పుకి నన్ను బండిమీద పుట్టింటికి తీసకపోయిందీ అవే. ఇంత వరిగడ్డి, ఇంత తవుడు, అంతే వాటి తిండి. అట్టాంటి జతని క్రోసూరు ఆసామికి అమ్మేసి, పైన అప్పు చేసి, పందెం జతని తోలుకొచ్చాడు మీ తాతయ్య! నాకు మాట మాత్రం చెప్పలా. వాకిట్లో కొత్త ఎడ్లని చూసి చేతిలో పేడతట్ట కింద పడేశా. "మరి చేను ఎవరు దున్నుతారయ్యా?" అంటే, "ఒక్క పందెం గెలవనీ, దున్నే జతలు నాలుగు కొంటా" అన్నాడు.

ఇంక చూడు వాటి వైభోగం. ఉడకబెట్టిన ఉలవలు, రోజూ కోడిగుడ్లు. చూలింతని, నాకు వారానికొక గుడ్డుకి దిక్కు లేదు. వాటికి మాత్రం నా చేత్తోనే కొట్టి పోశా. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండిద్ది.

ఎండాకాలంలో కారంపూడి దగ్గర తిరనాళ్ళకి పోయాం. అబ్బో, ఏం జనమే! బండ్లమీద, గోడలమీద, యాడ చూసినా మనుషులే. ఇచ్చిన టైములో ఎంత దూరం బండ లాగితే అంత. మన జత నురగలు కక్కుతా లాగింది. టేపు పెట్టి కొలిచారు. మొదటొచ్చిన జతకంటే మూరెడు తక్కువ. మూరెడే! మొదటి జతకి తులం బంగారం. ఒకాయన వాటి ఆసామితో అక్కడికక్కడే రెండెకరాల ఖరీదు ఇస్తా, ఆ ఎడ్లని నాకియ్యి అన్నాడు. మనకి ఇత్తడి బిందె. మన ఎడ్లని అడిగిన నాథుడు లేడు. నేను ఆ బిందె పట్టుకోని కొయ్యబారిపోయా. అవి మనవాటికంటే అంత కష్టపడ్డాయా, ఏంది?

మా పెద్దన్న పక్కనే ఉన్నాడు. "కష్టం చూసి ఎవరిస్తారు చెల్లాయ్? నా పాఠం నలభై మంది పిల్లలు వింటారు. ఈ ఎడ్లని చూడ్డానికి పది ఊళ్ళు దిగాయి. మొదటి జత యాడికి పోతే జనం ఆడికి పోతారు. జనం ఉన్నకాడ సోడాలోడికీ, జీళ్ళోడికీ, అందరికీ బేరమే. రెండో జతని చూడ్డానికి ఎవరొస్తారు?" అన్నాడు. ఇప్పుడు ఆ బంతి కుర్రోణ్ణి చూసేది పది ఊళ్ళు గూడా కాదాయె, దేశం దేశమే ఫోన్లు పట్టుకోని చూస్తంది. నీ చేతి కిందికి ఒక్కసారికి ఒక్క రోగే గదా వచ్చేది.

తర్వాతా? వానలు పడ్డాయి. పందెం ఎడ్లని అరక కడితే నాలుగు సాళ్ళు తోలి పడుకున్నాయి. అందరి చేలూ మొలిచాయి, మనది బీడు. ఏడో నెల కడుపుతో నేను కూలికి పోయానే. మీ నాన్న అంత బక్కగా పుట్టింది అందుకే.

చివరికి ఇద్దరం క్రోసూరు పోయాం, మా జత మాకిమ్మని. ఆ ఆసామి ఇవ్వలా. "బంగారం లాంటి ఎడ్లమ్మా, ఎట్టా ఇస్తా?" అన్నాడు. దున్నతన్నాయి అప్పుడు. గట్టుమీద నిలబడి "ఏయ్" అన్నా, అంతే, రెండూ సాలు మధ్యలో ఆగిపోయి నావంక చూశాయి. మీ తాతయ్య కండవా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంకోటి చెబుతా, నవ్వబాక. ఆ తిరనాళ్ళలో గొంతు పోయేట్టు అరిచి చప్పట్లు కొట్టినోళ్ళలో నేనూ ఉన్నా. మనింటికి చాకిరీ చేసినవాటికి ఒక్కనాడన్నా చప్పట్లు కొట్టానా?

"వాటి పేర్లేంది నాయనమ్మా?"

రాముడు, భీముడు. పందెంలో మైకులో గూడా చదివారు.

"అవి కాదు. దున్నేవి."

దున్నేవా... ఉండు. వాటికి... ఒకటి కొంచెం ఎర్రగా ఉండేది... అయ్యో! వాటికి పేర్లే పెట్టలేదే తల్లీ. "ఏయ్" అంటే వచ్చేయి. ఇన్నేళ్ళూ నాకు ఆ ధ్యాసే రాలా చూడు. నన్ను పుట్టింటికి మోసకపోయినవే అవి... ఎంత పని చేశామే.

ఇట్టా రా. మానేస్తావో ఉంటావో నీ ఇష్టం, విలువ లేదని మాత్రం అనబాక. నా ముందు అసలే అనబాక. ఏదీ, చెయ్యి ఇటియ్యి. చల్లగుండాలి తల్లీ, ఈ చెయ్యి చల్లగుండాలి...