పిన్నీసు మీద నెపం

ఏంటీ, ఫోటోలో మా పెదనాన్న బెల్టు బదులు తాడు కట్టుకున్నాడనా నవ్వుతున్నావు? నవ్వు నవ్వు. ఆయన ఉద్యోగం అలాంటిదిలే. భూమికున్న అయస్కాంత శక్తిని కొలిచే గది, దాని గోడల్లో మేకులు కూడా రాగివే. లోపల ఓ సూది వేలాడుతుంటుంది. పిసరంత ఇనుము దగ్గరికొచ్చినా పక్కకి తిరిగిపోతుంది. ఓ సాయంత్రం పెద్దమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీకి పోతూ, ఈయనకి టీ ఇచ్చి పోదామని లోపలికెళ్ళిందట. అంతే, సూది గిలగిల్లాడిపోయింది. "పిన్నీసు పెట్టుకునొచ్చావా? ఎన్నిసార్లు చెప్పాలి, బుద్ధుందా నీకు!" అని తోటి ఉద్యోగులందరి ముందూ అరిచేశాడు. పాపం, ఆవిడ భుజం తడిమి చూపించింది, పిన్నీసు లేదు. "ఇంకెక్కడో ఉండే ఉంటుంది, నడు బయటికి!" ఏడుస్తూ పోయింది. ఆవిడ పోయాక కూడా సూది ఆగితేగా! అప్పుడు బయటికొచ్చి చూస్తే... ఏం చెప్పను, పొద్దు గుంకిపోయింది, ఉత్తరాన ఆకాశం మాత్రం ఎర్రగా రగులుతోంది. ఎక్కడో ధ్రువాల చుట్టూ ఉంగరంలా ఉండాల్సిన అరోరా వెలుగు మనదాకా దిగొచ్చిందంటే మాటలా? వీధిలో జనం "ఊరు తగలబడుతోందిరోయ్!" అంటూ పిల్లల్ని చంకనేసుకుని పరుగులు. ఈయనకీ భయమేసింది. మంటకి కాదు, పెద్దమ్మ చెవికి తగిలించుకుని కూర్చునే ఫోను గుర్తొచ్చి. ఫోన్ చేస్తే గరగర తప్ప మాట లేదు. సైకిలెక్కి తొక్కాడు చూడు, ఊపిరాడలేదట. తీరా వెళ్తే ఎక్స్ఛేంజి గుమ్మంలో సూపర్‌వైజరు అడ్డం. ఆ వెలుగు వల్ల ఫోను తీగలకి ప్రమాదమంటే వింటేగా! "ఆకాశంలో వెలుగుకీ మా తీగలకీ ఏంటయ్యా సంబంధం?" "అయ్యా, భూమి చుట్టూ అయస్కాంతపు తొడుగుంటుంది. సూర్యుడి నుంచొచ్చే విద్యుత్ రేణువుల గాలి దాన్ని పగటి వైపు నొక్కి, రాత్రి వైపు తోకలా సాగదీస్తుంది. ఆ తోక తెగి అతుక్కున్నప్పుడల్లా ఆ రేణువులు మన పైనున్న గాలిలోకి విసురుగా వచ్చి పడతాయి, ఆ వెలుగు అదే. తొడుగు ఊగితే నేలలో కరెంటు పుట్టి పొడుగాటి తీగల్లోకి ఎక్కుతుంది. ముందు మా ఆవిడ చెవికున్నది తియ్యమనండయ్యా!" "తోకేంటి, తెగడమేంటి, మళ్ళీ చెప్పు" అన్నాడా మహానుభావుడు. ఈయన చేతులు జోడించి మళ్ళీ మొదలుపెట్టాడు. సగంలో ఉండగా లోపల ఫట్‌మని చప్పుడు, పెద్దమ్మ కేక.

ప్రాణం దక్కిందిలే. కుడి చెవి పోయింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ, రోజూ ఆవిడ కుడి పక్కన చేరి, తల దించుకుని ఏదో గొణిగేవాడు. "ఏమంటాడో నాకు వినబడి చావదు, ఎడమ పక్కకి రమ్మంటే రాడు" అనేది పెద్దమ్మ. ఆ కిటికీ వెయ్యి, గాలొస్తోంది.