ఐదు కాయల లెక్క

హలో… ఆ, నేనే. భీమమ్మనే. నందవరం భీమమ్మ. నీ పత్తి పురుగు పరీక్షకు కాయలు లెక్కపెట్టిన భీమమ్మ, ఇంకెవరు! సెప్పు అరుణమ్మా. నీ పెద్ద సదువుకు రాసిన పేపరు అచ్చయినాదా?

… కాలేదా? ఎందుకు?

… కంప్యూటరా? ఏమనింది?

… దొంగ లెక్కలా!

ఉండు. ఓ వీరమ్మా, ఇట్ల రా! మనం పత్తి సేన్లో పురుగు కాయలు లెక్కపెట్టినాం సూడు, అవి యాడనో నీడన కూసోని రాసిన లెక్కలంట. కంప్యూటరు సెప్పిందంట.

… ఆ, సెప్పమ్మా. పత్రికోళ్లు పేపరు సదవకముందే కంప్యూటర్లో ఏస్తారా? మనిషి సూడకుండానే? ఆ కంప్యూటరు మా సేన్లో అడుగు పెట్టినాదా? తేలు కుట్టిన దినం గూడా ఈ వీరమ్మ లెక్క ఆపలేదే!

… ఏంది? అన్ని లెక్కలూ ఐదుతోనో సున్నాతోనో ముగిసినాయా?

… ముగుస్తాయి. ముగియక ఏం సేస్తాయి? మేము లెక్కపెట్టేది సెయ్యి లెక్క కదా.

… సెయ్యంటే ఐదమ్మా. మామిడికాయలైనా అంతే, పత్తికాయలైనా అంతే. మూడు సేతులైతే పదైదని అరిసినాము, నువ్వు రాసుకున్నావు.

… మిగిలిన ఒకటీ రెండా? పారెయ్యలేదు. పక్క సెట్టు కాయల్లో కలిపినాము, సెయ్యి నిండాల కదా. సేను మొత్తం మీద ఒక్క కాయ తప్పలేదు.

… సెట్టు సెట్టుకూ యేరేగా కావాల్నా? ఆ మాట అప్పుడే సెప్పాల్సింది.

… ఎట్ల తెలుస్తాదా? గట్టు మీద కూసోని రాసుకుంటివి. ఒక్క సెట్టు కాడ వంగి సూసింటే తెలిసేది. రెండు నెలలు ఐదూ పదీ, ఐదూ పదీ అని రాసినావే, నీకు రాని అనుమానం దానికి వచ్చింది. దాన్ని తిట్టి ఏం లాభం.

… మళ్లీ యాడ లెక్కపెడతాము తల్లీ? పత్తి ఆదోని యార్డుకు పోయింది. కట్టె పీకేసి సేను దున్నేసినారు.

… జరిగింది జరిగినట్ల రాసి పంపు. సెయ్యి లెక్క అని రాయి. మొత్తం లెక్క నిజమని రాయి.

… మీ సారు ఒద్దన్నాడా? మరేం సెయ్యమంటాడు?

… పదైదును పదహారు… ఇరవైని పంతొమ్మిది… అట్ల మారిస్తే?

… కంప్యూటరు ఒప్పుకుంటాదని ఎట్ల తెలుసు?

… అప్పుడే మార్చి ఏసి సూసినావా?

… ఒప్పుకుందా.

థూ! ఎండలో నడుము ఇరగ్గొట్టుకోని లెక్కపెడితే మేము దొంగలమైతిమి. ఫ్యాను కింద కూసోని మార్చిందేమో నిజమైపాయె.

… ఏడ్సొద్దు. ఏడ్సొద్దు పాపా. నీ సదువు పోతాదని నాకు తెల్దా? పంపుకో. నేనెవురికీ సెప్పను.

గాని ఒక మాట.

పేపరు కడాన మా పేర్లు రాసినావు కదా. భీమమ్మ, వీరమ్మ కాయలు లెక్కపెట్టినారు అని. నువ్వు సదివి ఇనిపిస్తివి. ఆ పొద్దు కనపడినోళ్లకంతా సెప్పుకుంటిమి మేము.

… అవి తీసెయ్.

… గౌరవమా? ఒద్దు తల్లీ.

… కోపం గాదు. పదహారని మేము లెక్కపెట్టలేదు. అంతే.

… ఆ. ఫోను పెట్టేస్తాండా.