గిటార్‌కు కండెన్సర్

నాందేడ్ వజీరాబాద్‌లో రేడియోలు బాగుచేసే వెంకట్రావ్ దుకాణానికి, పెళ్లిళ్లలో గిటార్ వాయించే దిగంబర్ మధ్యాహ్నం పూట వచ్చాడు.

“అన్నా, గిటార్ టోన్‌కు కొత్త కండెన్సర్ కావాలె. ఆవాజ్ మస్తు కీచుమంటున్నది.”

“చిన్నది ఏస్తే కొంచెమే తగ్గుతది. పెద్దది ఏస్తే పూరా మెత్తగైతది. ఏది ఇయ్యాలె?”

“పెద్దదే ఇయ్యి. దాంతోటి బుర్రుమనుడు గుడ పోవాలె.”

వెంకట్రావ్ చెయ్యి కండెన్సర్ల డబ్బా మీదే ఆగింది. “బుర్రుమనుడా? ఎప్పటి సంది?”

“గా పాత ఆంప్లిఫయర్ కొన్నకాంచి. గిటార్ తీగలు పట్టుకొని టెంటోళ్ల మైకుకు మూతి ఆనిస్తే చుర్రుమంటది. నిన్న పెదవి కాలింది, సూడు.”

ఆ నల్లటి మచ్చ చూడగానే వెంకట్రావ్ డబ్బా మూసేశాడు.

“తమ్మీ, గది టోన్ కండెన్సర్ పని గాదు. నీ ఆంప్లిఫయర్ల కండెన్సర్ ఖరాబైంది. కరెంటు గిటార్ తీగలకు అస్తున్నది. ఇయ్యాల దాన్ని ఎవ్వలు ముట్టద్దు.”

“మా తమ్ముడు అంబాదాస్ ఇప్పుడు దానికే ఇంకో గిటార్ పెట్టి సూస్తున్నడు, గీ ఎనక గల్లీ మండపంల.”

“కాళ్లకు చెప్పులున్నయా?”

“మండపంల చెప్పులెట్ల ఏసుకుంటడన్నా? పొద్దుగాల్ల వాన పడ్డది, నేలంత తడే.”

వెంకట్రావ్ బల్ల దాటి వీధిలోకి ఉరికాడు. దిగంబర్ వెనకే పరుగెత్తాడు.

“మెయిన్ బంద్ చెయ్యుండ్రి! మెయిన్ బంద్ చెయ్యుండ్రి!”

వాళ్లు మలుపు తిరగకముందే మండపం లౌడ్‌స్పీకర్ మోగింది.

“హలో, హలో... మైక్ టెస్...”

ఆ మాట అక్కడే తెగిపోయింది. తర్వాత లౌడ్‌స్పీకర్‌లో పెళ్లివారి కేకలు మాత్రమే వినిపించాయి.