పుట్టెంటుకలు

పాలకుర్తి జాతర నుంచి తండ్రి భుజాన నిద్రపోతూ వచ్చిన కొడుకు టోపీ తీసిందామె. తల నున్నగా ఉంది.

“పుట్టెంటుకలు తీపిచ్చినవా? ఊకె జాతర చూపిచ్చుకొస్త అంటివి గదా!”

“అందరు తీపిస్తాంటె మేమూ తీపిచ్చినం.”

“ఎల్లుండి డోర్నకల్ నుంచి మా అన్న వచ్చినంక గదా అనుకున్నం. మేనమామ లేకుంట ఎవరి ఒళ్లె కూసోబెట్టినవ్?”

“మీ పెదనాయిన కొడుకు రమాకాంత్ ఒళ్లె.”

“ఆయన ఉండేది హైదరాబాద్‌ల. అంటే ముందుగాలనే పిలిచినవ్.”

“మీ అన్న వేరే కులం పిల్లను చేసుకున్నడని మా అమ్మ వద్దన్నది. నీకు చెప్తే ఒప్పుకుందువా?”

“ఒప్పుకోకపోదును. అది ఎరికుండే చేసినవ్.”

గంధం ఆరిన ఆ చిన్న తల మీద ఆమె అరచెయ్యి పెట్టింది.

“మా అన్న కొత్త బట్టలు పట్టుకొని వస్తడు. తలుపు నువ్వే తియ్యి.”