స్విచ్ మేడమ్ దింపించిన పోస్టర్లు

1989 జూలై 10వ తేదీన ఇంధన పొదుపు ప్రచార విభాగంలో సహాయకురాలిగా చేరి, నేడు సంయుక్త సంచాలకులుగా పదవీ విరమణ చేస్తున్న మా గౌరవనీయ సహోద్యోగినిని కార్యాలయమంతా ‘స్విచ్ మేడమ్’ అనే పిలుస్తుంది. పట్టపగలు వరండాలో దీపం వెలిగితే వారి ప్రాణం ఊరుకోదు. “నేను కదలకుండా కూర్చుంటే నన్నూ ఆపేస్తుందేమోనని భయం,” అంటారు వారి భర్త.

మైకు బండి మీద వీధివీధీ తిరిగి, గొంతు అరిగేలా పొదుపు పాఠం చెప్పి, అంచెలంచెలుగా ప్రచార అధికారిణి అయ్యారు. విద్యుత్ కొరత తీవ్రమైన ఒక వేసవిలో “మధ్యాహ్నం ఫ్యాన్లు ఆపుదాం, కోతలు తప్పిద్దాం” అన్న నినాదం వారి కలం నుంచే వెలువడి గోడగోడకూ ఎక్కింది.

ఆ వేసవిలోనే, మా శాఖ జరిపే పొదుపు వారోత్సవానికి ముందురోజు మేడమ్‌కు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా పోస్టరు చూసి ఫ్యాన్ ఆపిన ఇంట్లో ఒక వృద్ధురాలు వడదెబ్బతో స్పృహ కోల్పోయారు. మేడమ్ పరుగున వెళ్లేసరికి ఆ వృద్ధురాలి కోడలు గది బయట నిలబడి ఉంది.

“మీరు చెప్పారనే ఆపాం మేడమ్. అత్తయ్య ఉక్కపోస్తోందన్నా, ఊరందరి కోసం కాస్త ఓర్చుకోమన్నాను.”

మేడమ్‌కు అంతలో పైఅధికారి ఫోను.

“చూడమ్మా, పెద్దావిడ వయసుకీ మన పోస్టరుకీ ముడిపెట్టకండి. రేపు మంత్రిగారొస్తున్నారు.”

“ముడిపెట్టింది నేను కాదు సార్, నమ్మినవాళ్లు. సాయంత్రంలోగా పోస్టర్లు దిగాలి.”

“ఉద్యోగం మీదికొస్తుంది!”

“రానివ్వండి సార్.”

తలుపు ఇంకా తెరుచుకోలేదు. లోపల ఏమవుతోందో తెలియకుండానే వారు మెట్లు దిగి మైకు బండి ఎక్కారు. “పెద్దవాళ్లు, పసివాళ్లు ఉన్న గదిలో ఫ్యాన్ ఆపకండి. నేను రాసింది తప్పు,” అని వీధివీధినా చెబుతుంటే, మేమంతా వెనకే పోస్టర్లు చింపుతూ నడిచాం. పొద్దువాలాక ఆ కోడలే బండికి ఎదురొచ్చింది. “కళ్లు తెరిచింది మేడమ్! మంచినీళ్లడిగింది!” మేడమ్ మైకు పక్కన పెట్టి, బండి మెట్టు మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు.

సంజాయిషీ నోటీసు వచ్చింది. పదోన్నతి కొన్నేళ్లు వెనక్కి పోయింది. అయినా ఏ ప్రచారవాక్యాన్నైనా ముందుగా ఒక రోగికీ ఒక వృద్ధునికీ వినిపించి చూసే నియమాన్ని వారు పట్టుబట్టి సాధించారు. నేటికీ మా శాఖ పాటిస్తున్నది దానినే.

కుటుంబ సభ్యుల ప్రేమాదరాల నడుమ వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, మేము ఎక్కడైనా దారి తప్పితే చెవి మెలిపెట్టడానికి ఆ ఓపిక చెక్కుచెదరకుండా ఉండాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.