ఐఎఫ్‌కాన్ఫిగ్ చూపించని అడ్రసు

నా ఈ పదవీ విరమణ సభకి అధ్యక్ష స్థానంలో ఉన్న సూపరింటెండెంటు గారికి, నన్ను ముప్పై ఏళ్లు భరించిన పెద్దలకు, స్నేహితులకు, వెనక వరసలో కూర్చుని నేనెప్పుడు ముగిస్తానా అని గడియారం చూస్తున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్లంతా ఈ ఆసుపత్రి కంప్యూటర్లు నా చేతి మీదే నడిచాయన్నారు. నిజమే గానీ, ఆ చేతికి ఒక్క కమాండే వచ్చు. సర్వరుకి, అంటే మిగతావాటికి సమాచారం అందించే పెద్ద కంప్యూటరుకి, నెట్‌వర్కులో ఏ అడ్రసులున్నాయో చూడాలంటే ఐఎఫ్‌కాన్ఫిగ్ అని కొట్టేవాణ్ణి. మా విభాగంలో పనిచేసే అమ్మాయి, అదిగో కిటికీ పక్కన తల దించుకుని కూర్చుంది చూడండి, అది పాతబడింది సార్, ఐపీ కమాండ్ వాడండి అని ఎన్నిసార్లు చెప్పిందో. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని లోకం అంటే అననీ, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తీరా చూస్తే ఆ కొత్తదానికీ ఇరవై ఏళ్లు దాటాయట, నాకు మొన్ననే తెలిసింది. (నవ్వులు)

నవ్వండి, ఫరవాలేదు. నిరుడు ల్యాబ్ రిపోర్టులు ఒక పూటంతా వార్డులకి రాలేదు, గుర్తుందా? ల్యాబ్ సర్వరుకి రెండో అడ్రసు చేర్చానని ఆ అమ్మాయి నాకు ముందే చెప్పింది. నేను నా ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో చూస్తే కనబడలేదు. కొత్త కమాండ్‌తో అలా చేర్చినవి పాతదానికి కనబడవని నాకేం తెలుసు? ఖాళీగా ఉందనుకుని అదే అడ్రసు ఒక ప్రింటరుకి ఇచ్చేశాను. ఒకే అడ్రసుకి ఇద్దరు తయారయ్యేసరికి రిపోర్టులు ఆగాయి, నర్సమ్మలు కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగలేక చచ్చారు. నేనేమో నువ్వు చేర్చనే లేదని అందరి ముందూ ఆ అమ్మాయి మీద కేకలేశాను. తర్వాత గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు తను ఐపీ కమాండ్ కొట్టి చూపించింది. రెండో అడ్రసు అక్కడే ఉంది.

చూశాక కూడా, సూపరింటెండెంటు గారూ, తప్పు తనదేనని మీకు రాసిచ్చాను. తను వచ్చి చెప్పుకున్నా మీరు నా అనుభవాన్నే నమ్మారు. తన ప్రమోషన్ ఆగింది అందుకే.

ఏడాదిగా ఇది గొంతులో ముల్లులా ఉంది. ఇవాళ పొద్దున జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసి, మీ బల్ల మీద పెట్టాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, తన ప్రమోషన్ తనకి ఇప్పించండి. అమ్మయ్య, చెప్పేశాను.

నేనలా రాసిచ్చిన సంగతి ఆ అమ్మాయికి కూడా ఇప్పుడే తెలుస్తోంది. "తప్పు నాది. తల ఎత్తమ్మా."

ఎత్తింది. నాకిది చాలు. వచ్చిన అందరికీ కృతజ్ఞతలు, తేలికైన మనసుతో వెళ్తున్నాను, సెలవు.