‘దొర మీసం’ ఎవలు రాసిండ్రు?

హుస్నాబాద్, 1959 ఎండాకాలం. నాటకం డేరాలో తెర వెనుక అనసూర్య దొర వేషానికి మీసం అతికించుకుంటోంది. కంపెనీ యజమాని లక్ష్మీరాజం రొప్పుతూ లోపలికొచ్చి పడ్డాడు.

"గా మీసం తీసెయ్యి బిడ్డా! నీ కాళ్లు మొక్కుత, తీసెయ్యి."

"జిగురు పెట్టిన మామా. గిప్పుడు పీకితే తోలు సుత ఊడొస్తది. ఏమైంది?"

"జగపతిరావు దొర ఉండే గడి నుంచి జీతగాడు రాయమల్లు వచ్చిండు. నిన్న మన ‘దొర మీసం’ చూసిండ్రట. రాసినోళ్లను రేపు గడికి రమ్మన్నరట."

"ఎవలు రమ్మన్నరు? పూరాగ ఇన్నవా?"

"గడి అన్నంక ఇంకేం ఇంటనే! ఉరికొచ్చిన."

"అయితే పో. రాసింది నువ్వే గద."

"నేనా?"

"గోడల మీద కాయితాలల్ల నీ పేరే ఉన్నది. ‘రచన: లక్ష్మీరాజం’. గాసులైట్లు పెట్టే భూమన్న పేరు కింద నా పేరు."

"గది ప్రెస్సోడు చేసిన తప్పు..."

"ప్రతి నాటకానికీ చేసిండా?"

"జర ఇను. ఆడిమనిషి రాసిందంటే టికెట్ ఎవలు కొంటరని..."

"నేనొచ్చినప్పుడు తెర ఎనుక మాటలు అందిచ్చేదాన్ని. రాణి వేషం కట్టే కైలాసానికి జరమొస్తే నన్ను ముందటికి నూకినవ్. జనం చప్పట్లు కొట్టిండ్రు. పాత నాటకాలకు జనం కూసున్నకాడనే పండుకుంటుండ్రని కొత్తది రాయమన్నవ్. మగ్గం కాడ మా అవ్వ తిట్టే తిట్లన్నీ ఏరుకోని రాసిన. అప్పటిసంది ఒక్కటే అడుగుతున్న, నా పేరెయ్యమని."

"ఏస్త! గిప్పుడే ఏస్త! రేపు గడికి నువ్వే పో. ‘నేనే రాసిన దొరా’ అను."

"ఓహో! తన్నులు పడేకాడ మాత్రం నేను రచయిత్రినా?"

"గట్ల కాదమ్మా. ఆడిమనిషిని దొర కొట్టడు. నన్నైతే నడుములిరగ్గొడ్తడు. దొరతనం పోయింది గని చెయ్యి బరువు పోలే."

"పండుకున్న దొరకు దొర్సాని సగం మీసం గొరిగే సీనుకు ముందుగాల ఈల కొట్టింది నువ్వే గద!"

"గప్పుడు నవ్వొచ్చింది. గిప్పుడు నా నడుము యాదికొస్తుంది."

"ఒక్క పని చెయ్యి. తెర ముందటికి పోయి మైకుల చెప్పు, నాటకాలన్నీ అనసూర్యనే రాసిందని."

"గంతమంది ముందటనా? నా ఇజ్జత్?"

"ఇజ్జత్ కావాల్నా, నడుము కావాల్నా?"

"...నడుమే."

"పో మరి. ఎనుక బెంచీలోళ్లకు సుత ఇనవడాలె."

"మైకు ఇనవడుతుందా? దండాలు... జర నిమ్మళంగ ఉండుండ్రి. మీరు ఇన్నొద్దులు చూసిన నాటకాలు... నేను రాయలే. ఒక్క ముక్క సుత రాయలే. అన్నీ మా అనసూర్య రాసింది. ఉత్తగనే నా పేరు పెట్టుకున్న."

"తెర ఎనుకకు వచ్చినవా? చప్పట్లు ఇన్నవా మామా?"

"ఇన్న. నన్ను చూసి పొట్టపొల్లగాండ్లు సుత నవ్విండ్రు. ఇగ సంబురమేనా? రేపు పోతవ్ గద? మాట తప్పవ్ గద?"

"పోత. ఎందుకు పోను?"

"నీకు భయం లేదా? దొర ముందట నిలవడాలె!"

"రాయమల్లు నీకంటె ముందు నాకే చెప్పిండు. ఆయన మాట నేను ఆఖరుదాంక ఇన్న."

"ఏమన్నడు?"

"పిలిచింది దొర కాదు మామా, దొర్సాని జానకీబాయి. నేను సగం మీసమే గొరిగిచ్చిన్నట. మిగిలిన సగం ఎట్ల గొరగాల్నో చెప్తదట!"